కోటవాళ్ళా, అడవివాళ్ళా

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు, మొగుడు పోయి నాలుగు రోజులు. దుఃఖంలో మనిషికి బుద్ధి పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నాకున్న కాస్తా అప్పుడే పోయింది. (నాకొచ్చిన అక్షరాలు నా సంతకంలోవే. నేను చెబుతుంటే వేరేవాళ్ళు రాస్తున్నారు. తప్పులుంటే వాళ్ళవి, మాటలు నావి.)

మాది దిబ్బూరహళ్ళి పక్కన ఊరు. ఆయన బాగేపల్లి నుంచి బండి మీద వస్తూ లారీ కింద పడ్డాడు. మనిషి మిగల్లేదు గానీ జేబులో ఫోనుకు గీత కూడా పడలేదు. సరిగ్గా అప్పుడే మా పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయి. జ్వరమంటే రోగం కాదు, పొర విడిచే ముందు నిద్ర. లేచాక రాక్షసుల్లా తింటాయి. మైల ఇంటివాళ్ళు పురుగుల గదిలోకి పోకూడదు. మా అత్త మాత్రం తల మీద నీళ్ళు పోసుకుని, "పురుగుకు ఆకలి తెలుస్తాది గానీ మైల తెలుస్తాదా" అంటూ పోయింది. వెనకే నేను లేస్తే, "నువ్వొద్దమ్మా, నీ నీడ పడితే గూడు కట్టవు" అంది. రోజూ ఆకు కోసేది నేను, తట్టలు మార్చేది నేను. ఒక్క పూటలో పురుగులకు కూడా పనికిరాకుండా పోయాను.

ఇక మూల కూర్చుని ఆయన ఫోను తెరిచాను. అందులో ఆయన ఎప్పుడూ ఆడే ఆట. అందులో ఆయన ఆడించే మనిషి కత్తి పట్టుకుని రెండు దారుల నడుమ నిలబడి ఉన్నాడు. బొమ్మలా కాదు, భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి. ఊపిరి పీలుస్తున్నాడు! కింద ఏదో రాసి ఉంది. చావుకు వచ్చి ఉన్న మా పెద్ద ఆడబిడ్డను పిలిచాను. ఆమె చింతామణిలో జెరాక్సు అంగడిలో పనిచేస్తుంది, ఇంగ్లీషు చదవగలదు.

"ఎవురి పక్క చేరుతావు అని అడుగుతాండాది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కోటవాళ్ళా, అడవివాళ్ళా అని. ఒగసారి చేరితే మళ్ళా మారేదానికి లేదంట. రెండోవాళ్ళు పగోళ్ళయిపోతారంట."

"తప్పు చెప్తే ఏమయితాది వదినా?"

"నాకేం తెలుసమ్మీ. చంపుతారేమో."

ఈ లోకంలో ఆయనది ఊపిరాడుతున్నది అదొక్కటే. దాన్ని కూడా నా చేత్తో పోగొట్టుకోనా? పెళ్ళి సంబంధానికి విచారించినట్టు విచారించాం. కోటవాళ్ళకు ఇనప చొక్కాలు, గుర్రాలు, రాతి గోడలు. అయితే వాళ్ళ పెద్ద, మన మనిషి ఎదురొస్తే కుర్చీలోంచి లేవడు. అడవివాళ్ళకు తల మీద కప్పు లేదు. వాళ్ళ పెద్ద ఒక ఆడమనిషి, జడ నడుము దాటింది, నడుము కనబడుతోంది. వదిన ఏదో నొక్కి, "అయ్యో, ఈమెకు నీలంరాళ్ళ హారం ఇచ్చినాడే మా తమ్ముడు!" అని నాలుక కరుచుకుంది. (నాకు మూర పూలు తెమ్మంటే మరిచిపోయే మనిషి.)

"కోటకే," అన్నాను.

పురుగుల గదిలోంచి అత్త అరిచింది. "వాడు గోడల నడుమ ఉండేటోడు కాదు. ఇస్కూలు గోడ దూకినోడు. అడవికి పంపీ."

"ఆ పిల్లను చూస్తే నువ్వు ఆ మాట అనవు అత్తా."

"బాగుండాదా? వంట చేస్తాదేమో అడుగు."

మూడు రోజులు ఇదే పంచాయితీ. ఎవరైనా పలకరించడానికి వస్తే ఏడ్చేవాళ్ళం, వాళ్ళు గడప దాటగానే మళ్ళీ మొదలు. చివరికి నాకు ఒకటే తోచింది. గట్టు తగాదా పెట్టుకుని దాయాదులు రాలేదు. ఆయన్ని మోయడానికి నలుగురు దొరికేసరికి మధ్యాహ్నమైంది. కోటలో జనం ఎక్కువ. పడితే ఎత్తుకుంటారు. కోటవాళ్ళని నొక్కాను.

కోట గుమ్మం దాకా నడిచాడో లేదో, చెట్ల వెనక నుంచి ఆ జడామె వచ్చింది. మాటా పలుకూ లేదు, మూడు బాణాలు. మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగాడు. గోడ మీద ఇనప చొక్కాలవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. ఒక్కడు దిగలేదు.

నేను పెట్టిన కేకకు వీధి ఉలిక్కిపడింది. అత్త మల్బరీ ఆకు చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "మళ్ళా ఎవురు పోయినారే?"

"నీ కొడుకే అత్తా! నేనే చంపితిని!"

కూలబడింది. ముగ్గురం ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చాం. ఇంతలో ఫోను నల్లబడి మళ్ళీ వెలిగింది. ఒక నెగడు పక్కన ఆయన లేచి నిలబడ్డాడు. భుజాలు పైకీ, కిందికీ.

"ఆటలో ఇంతే అమ్మా," అంది వదిన మెల్లగా. "చచ్చినోళ్ళు మళ్ళా లేస్తారు."

అత్త ఆకుపసరు వేళ్ళతో ఫోను అందుకుని చాలాసేపు చూసింది.

"ఇంగొకసారి చంపు," అంది.

ఆ పగలు ఏడుసార్లు చంపాం. ఏడుసార్లూ లేచాడు. ఎనిమిదోసారి నేను వేలు పెట్టబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "చాలమ్మా. వానికి నొప్పి పుడతాదేమో." కొంగుతో ఫోను తుడిచి గోడ గూట్లో పెట్టింది. "లెయ్. పురుగులు ఆకలితో ఉండాయి."

"నా నీడో?"

"నీ నీడ పడినోడే ఏడుసార్లు లేచినాడు. రా."

లోపలికి పోయాను. అన్ని తట్టల్లో ఆకు నమిలే చప్పుడు, రేకుల మీద వాన పడినట్టు. గూళ్ళు కట్టాయా అంటే కట్టాయి, కొన్ని కట్టలేదు. ఎప్పుడైనా కొన్ని కట్టవు.

ఇప్పుడా ఫోను వెలగదు. బాగు చేయించలేదు, నెగడు పక్కన నిలబడే ఉన్నాడులే అనుకుంటాను. మొగుణ్ణి ఏ పక్కన చేర్చాలా అని మూడు రోజులు మథనపడిన ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వాలనీ అనిపిస్తుంది. ఆ జడామె మీద కోపం మాత్రం ఇంకా పోలేదు. బాణాలకు కాదు, హారానికి.