నల్లోడుగారి చెవి

మా చిన్నప్పుడు... మా నల్లోడు తల విదిలిస్తే చెవులు ఫట్‌ఫట్‌మని కొట్టుకునే చప్పుడు వీధరుగు దాకా వినపడేది.

నల్లోడంటే నా కుక్క. మళ్ళీ చెప్తున్నాను, నా కుక్క. కాలవగట్టున దొరికితే చొక్కాలో పెట్టుకుని తెచ్చింది నేను. నా కంచంలో చివరి ముద్ద వాడిదే.

ఆ వేసవిలో వాడికి చెవి చెడింది. లోపల నల్లటి జిగురు... ఒకటే కంపు. కాలితో గీరుకుని గీరుకుని పుండు చేసుకున్నాడు. కుక్కని డాక్టరుకి చూపించే రోజులా అవి! అమ్మ కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి ఉగ్గుగిన్నెలో పోసిచ్చింది. పసితనంలో నాకు పాలు పట్టిన గిన్నె అది.

"ఒరే, ఇటు రా! కదిలేవంటే చంపేస్తాను" అన్నాను.

గుర్రుమన్నాడు. నా మీదే!

సెలవలకి వచ్చి ఉన్నాడు మా రాజోలు మేనత్త కొడుకు... నాకంటే పెద్దవాడు, బావ. గిన్నె నా చేతిలోంచి తీసుకుని పీట మీద కూర్చున్నాడు.

"నల్లోడుగారూ, ఇలా దయచేయండి. ఆయ్... తల ఇక్కడ పెట్టుకోండి. కొంచెం వెచ్చగా ఉంటుంది, ఏమనుకోకండి" అన్నాడు.

ఇంట్లో అందరూ పడీపడీ నవ్వేరు. నల్లోడు మాత్రం వెళ్ళి బావ తొడ మీద తల పెట్టేడు! నూనె పోయించుకున్నాడు... పాత పంచె గుడ్డతో తుడిపించుకున్నాడు... తోక కూడా ఊపేడు.

"చూసేవా, మాటంటే అలా ఉండాలి" అంది అమ్మ.

"కుక్కకి గారేంటి? మతిపోయిందా?" అన్నాను.

"ఏం బావా, కుళ్ళుకుంటున్నావా?" అన్నాడు బావ.

అవును. కుళ్ళుకున్నాను.

బడులు తెరిచేరు, బావ వెళ్ళిపోయేడు. చెవి మాత్రం ఇంకా మానలేదు. నేను గిన్నె పట్టుకుంటే చాలు, నల్లోడు కొబ్బరిమట్టల వెనక్కి పోయేవాడు. కంపు మళ్ళీ మొదలైంది.

"ఇలా వదిలేస్తే పురుగులు పడతాయిరా... దక్కడు" అంది అమ్మ. "నీ నోరేం పడిపోదు. ఒక్కసారి అండీ అను."

మా నాన్నకి తప్ప ఎవరికీ అండీ అనని నోరు నాది... కుక్కకి అనాలా?

గిన్నె పట్టుకుని పశువుల పాకలోకి పోయేను. ఓ మూల మట్టల వెనక నక్కి ఉన్నాడు నల్లోడు. అటూ ఇటూ చూసేను. ఎవరూ లేరు.

"నల్లోడుగారూ... దయచేయండి."

వచ్చేడు. నా తొడ మీద తల పెట్టేడు.

రోజూ అలాగే పిలిచేను, పాక తలుపు వేసుకుని. చెవి మానింది. నా చేత్తో మానింది. ఇక వాడు నావాడే అనుకున్నాను.

దసరాకి బావ మళ్ళీ వచ్చేడు. నా పక్కన పడుకున్న నల్లోడు ఆ గొంతు విని లేచి, నా కాలు తొక్కుకుంటూ పరిగెత్తేడు!

బావ వాడి చెవి ఎత్తి చూసి, "మన వైద్యం బాగా పనిచేసిందండోయ్" అన్నాడు.

మన అట!

ఇద్దరం ముసలాళ్ళం అయిపోయేం. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిస్తే బావ ఆ వైద్యం సంగతి చెప్పి నలుగురినీ నవ్విస్తాడు. నేను నవ్వను.

ఇప్పుడు కుక్కలకి డాక్టర్లు వచ్చేరు. చెవిలో లైటు వేసి చూసి చుక్కల మందు రాస్తున్నారు... మంచిదే. కానీ అన్నీ 'సిట్' అంటేనే కూర్చుంటున్నాయి. 'కూర్చోండి' అంటే కూర్చునే కుక్కలు పోయేయి... అలా పిలిచే నోళ్ళూ పోయేయి.

మీ ఇంట్లో అలాంటి కుక్క ఉండేదా? ఉంటే చెప్పండి, వింటాను. మీ మాట విన్నదైతేనే చెప్పండి... మీ బావ మాట విన్న కుక్క సంగతి మాత్రం నాకొద్దు.