తొమ్మిదో తరగతిలో సత్తెమ్మ పిన్నిగారు

మొన్న మా స్కూలు మీటింగు ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒక్కొక్కరూ చేరుతున్నప్పుడల్లా ఫోను "టింగ్" మంటుంది కదా, ఆ చప్పుడు వినగానే నా నోట్లో తడి ఆరిపోయింది. మాట్లాడేది హెడ్మాస్టరు గారు, నేను వినడం తప్ప చెయ్యాల్సిందేమీ లేదు. అయినా అరచేతులకు చెమటలు పట్టాయి. శరీరానికి జ్ఞాపకం ఎక్కువ, బుద్ధి తక్కువ. కరోనా ఏడాది స్కూళ్లు మూసేసి, ఉన్నట్టుండి మమ్మల్ని ఫోను ముందు నిలబెట్టిన రోజులు దానికింకా గుర్తున్నాయి. ఆ భయం వెనకాలే, ఎప్పటిలాగే, సత్తెమ్మ పిన్నిగారు కూడా గుర్తొచ్చారు. ఆవిడే లేకపోతే నేనీపాటికి ఏ ఎరువుల కొట్లోనో కూర్చుని ఉండేవాణ్ణి.

నరసాపురంలో ఒకే వసారాకి అటొక వాటా, ఇటొక వాటా. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో ఆవిడ. నాకు వరసకు ఏమీ కారు, పిన్నిగారూ అని పిలవడం నా అలవాటు. అరవై దాటిన మనిషి, మూడో తరగతితో చదువు ఆపేసి అప్పట్నుంచీ లేసు అల్లుతున్నారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టర్ని. అప్పటికి పదకొండేళ్ల సర్వీసు, దానికి తగ్గ పొగరూ ఉండేవి. పిల్లల కనుబొమలు చూసి పాఠం ఎవరికి ఎక్కిందో, ఎవరికి ఎక్కలేదో చెప్పగలనని స్టాఫ్ రూములో గొప్పలు పోయేవాణ్ణి.

ఆన్‌లైన్‌లో కనుబొమలు ఏవీ? అన్నీ నల్లటి గళ్లు. కొందరికి సిగ్నలుండదు, కొందరు కెమెరా ఆన్ చెయ్యరు. చినరాజు అనే కుర్రాడైతే వాళ్ల నాన్న వేటకెళితే ఫోను కూడా సముద్రం మీదికెళ్లిపోయిందని నాలుగు రోజులకోసారి కనపడేవాడు. పిల్లలు కనపడకపోయినా వాళ్ల వెనక పెద్దలు వింటున్నారని మాత్రం తెలిసేది. సారు మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నారని ఒక తండ్రి గ్రూపులో రాశాడు. మర్నాటి నుంచి నాకు గొంతు సవరించుకోవాలన్నా భయమే. నిద్ర పోయింది, అన్నం సయించడం మానేసింది. రోజుకి వందమంది నన్ను "వినపడుతోందా?" అని అడిగేవారు, ఎలా ఉన్నావని అడిగినవాడు ఒక్కడూ లేడు. నేనూ ఎవరికీ చెప్పుకోలేదు. పాఠం చెప్పడం నా వల్ల కావడం లేదని ఏ పంతులు నోరు విప్పి చెప్పుకుంటాడు?

ఒకరోజు తొమ్మిదో తరగతికి, తేలే వస్తువుల పాఠం. వసారాలో కుర్చీ మీద ఫోను నిలబెట్టి నలభై నిమిషాలు చెప్పాను. చివర్న "అర్థమైందా?" అన్నాను. ఎవరూ పలకలేదు. తీరా చూస్తే పదో నిమిషంలోనే నా నెట్ పోయింది. అరగంట సేపు గోడకి పాఠం చెప్పానన్నమాట. నవ్వుకోవాల్సిన సంగతే గానీ నాకు ఏడుపొచ్చింది. అక్కడే మెట్టు మీద కూలబడి, ఇక ఈ ఉద్యోగం చెయ్యలేనని హెడ్మాస్టరు గారికి ఫోన్లో మెసేజి టైపు చేశాను. పంపడమే తరువాయి.

"అయిపోయిందాండీ మాస్టారూ?" పిన్నిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అయిపోయింది పిన్నిగారూ. పాఠమూ అయిపోయింది, ఉద్యోగమూ అయిపోయింది."

"ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం గానీ, మేకు మునుగుద్దన్నారు, అంత పంటు తేలుద్దన్నారు. ఎందుకో చెప్పకుండానే థాంక్యూ అనేశారేంటండీ?"

పంటు అంటే మా రేవులో మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే ఇనప పడవ. నాకు ఒళ్లు మండింది. చెప్పాను, చాలా బాగా చెప్పాను అన్నాను. "నాకైతే తెలీలేదండి మరి," అని ఆవిడ కదలకుండా నిలబడ్డారు. విసురుగా లేచి బకెట్టు నీళ్లు తెచ్చాను. స్టీలు చెంచా వేస్తే మునిగింది, అదే స్టీలు గ్లాసు పెడితే తేలింది. గ్లాసు తన పొట్టతో ఎక్కువ నీళ్లని పక్కకి నెడుతోంది, ఆ నీళ్లే దాన్ని పైకి తోస్తున్నాయని చెప్పాను. ఆవిడ గుప్పెడు బియ్యం తెచ్చి గ్లాసులో పోశారు. గ్లాసు ఇంకాస్త దిగింది. "అదా! లారీ ఎక్కితే పంటు దిగేది అందుకా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. నెలల తర్వాత నేను నవ్వాను.

"రేపట్నుంచి నేనిక్కడ కూర్చుంటానండి. మనిషి మొహం చూడకుండా ఎవరితోనన్నా ఎట్టా మాట్లాడతారు?" అన్నారావిడ.

అన్నట్టే మర్నాడు ఫోనుకి వెనక పీట వేసుకుని, లేసు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆర్డర్లు ఆగిపోయి కొత్త దారం రావడం లేదు, అల్లిందే విప్పి మళ్లీ అల్లుతుండేవారు. నేను ఆవిడ చేతుల్ని చూస్తూ పాఠం చెప్పేవాణ్ణి. సూది ఆడుతుంటే సాగేవాణ్ణి. ఆగిందంటే ఆవిడకి అర్థం కాలేదని లెక్క. నేనూ ఆగి, మంచినీళ్లు తాగి, అదే ముక్క నెమ్మదిగా మళ్లీ చెప్పేవాణ్ణి. వారం తిరక్కుండా ఒక నల్లటి గడి తెరుచుకుని లావణ్య అనే పిల్ల మొహం కనపడింది. "సార్, నాకూ సరిగ్గా అక్కడే అర్థం కాలేదు సార్. మీకెలా తెలిసిపోతోంది?" అంది. ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నాను. పంపకుండా దాచుకున్న మెసేజి చెరిపేశాను.

స్కూళ్లు మళ్లీ తెరిచిన రోజు సాయంత్రం స్వీటు పొట్లం పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్లాను. "తొమ్మిదో తరగతి పాసైపోయారు పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "నా మొహం! ఆ పంటు సంగతి తప్ప నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టండి."

"మరి సూది ఆపేవారుగా?"

"మీరు ఊపిరైనా తీసుకోకుండా పరిగెత్తేవోరు. చూడలేక ఆపేదాన్నండి. నేనాపితే మీరూ ఆగి కాసిని మంచినీళ్లు తాగుతున్నారని కనిపెట్టాను."

పాఠం ఎక్కడ తెగుతోందో ఆవిడ కనిపెడుతున్నారని అన్నాళ్లూ అనుకున్నాను. ఆవిడ కనిపెట్టింది నన్ను. ఆ తర్వాత ఏడాదికి పాలకొల్లులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే స్కూలెలా ఉందని అడగరు. "నిద్ర పడతందాండీ?" అంటారు.

ఇప్పుడు స్టాఫ్‌లో నేను పెద్దవాణ్ణి. కొత్తగా చేరిన టీచర్ల క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, తప్పొప్పులు రాసివ్వమని హెడ్మాస్టరు గారు నాకొక ఫారం ఇస్తారు. మొన్నటి వారం ఒకమ్మాయి ఏడో తరగతికి పాఠం చెబుతోంది. కొత్త భయం, పైగా వెనక నేను. మాట మీద మాట తోసుకుంటూ వెళ్లిపోతోంది, ఊపిరైనా తీసుకోవడం లేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని చెయ్యెత్తాను. "మేడం, అది నాకు అర్థం కాలేదండి. ఇంకోసారి చెబుతారా?"

ఆ అమ్మాయి ఆగింది. సీసా తీసి మంచినీళ్లు తాగింది. సైన్సు మాస్టారికి ఈ మాత్రం కూడా రాదా అని క్లాసంతా ఒకటే నవ్వు. నేనూ తల గోక్కుంటూ వాళ్లతో కలిసి నవ్వాను.