మోస్తూ నవ్వారని రాసింది నేనే

నాలుగేళ్ల కింద ఫోన్‌లో ఒక మాట రాశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత నాకు అన్నం సయించలేదని చెబితే అబద్ధమవుతుంది. తిన్నాను, నవ్వాను, డ్యూటీకి వెళ్లాను. కానీ ఆ మాట లోపలి నుంచి కదల్లేదు. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, నా ముఖం మీకు తెలియదు కాబట్టి.

సుజాత, నేను ఖమ్మంలో ఒకే ల్యాబ్‌లో టెక్నీషియన్లం. ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నాది పాల్వంచ. ఆమెది భద్రాచలం అవతల అడవిలో ఊరు. ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి ఒక జపాన్ యానిమే సిరీస్ చూసేవాళ్లం. ప్రతి ఎపిసోడ్‌లో ఒక కొత్త మనిషి చనిపోయి పైలోకపు ఆఫీసుకు వెళ్తాడు. అక్కడ గుమాస్తా ఒక కప్ప. ఎలా చచ్చావో ఫారంలో రాయమంటుంది, తప్పులు పట్టి తిప్పి పంపుతుంది. చావు గురించే అయినా నవ్వు ఆగేది కాదు.

ఒక ఎపిసోడ్‌లో ముసలమ్మ శవపేటిక కొండ మీద నుంచి జారిపోతుంది. కొడుకులు దాని వెంట పరుగెత్తుతూ, పడుతూ, చివరికి పగలబడి నవ్వుతారు. నేనూ నవ్వాను. సుజాత నవ్వలేదు. ఎపిసోడ్ ఆపేసి, వాళ్ల అమ్మ ఎలా పోయిందో చెప్పింది.

వానాకాలం. ఊరికి రోడ్డు లేదు. జ్వరంతో ఉన్న అమ్మను మంచం మీద పడుకోబెట్టి, మంచానికి కర్రలు కట్టి, నాన్న, ఇంకో ముగ్గురు భుజాన వేసుకుని దవాఖానాకు బయలుదేరారు. వెనక సుజాత. దారిలో నాన్న బురదలో జారి చతికిలబడ్డాడు. మంచం ఒరిగింది. అప్పుడు అమ్మ, నువ్వు నన్ను మోస్తున్నావా, నేను నిన్ను మోయాలా అని అడిగిందట. అందరూ నవ్వారు. అమ్మ కూడా. ఆ మాటే చెప్పుకుంటూ, నవ్వుకుంటూ వాగు దాకా నడిచారు. మంచం దించి చూస్తే ఆమెలో ఊపిరి లేదు. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. నవ్వుతూ మోశామన్న సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని నాన్న మిగతా ముగ్గురి చేతా, ఆమె చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తప్పి ఆమె చెప్పింది నాకొక్కదానికే.

మాకు ఆ సిరీస్ చూసేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపు ఒకటి ఉండేది. ఆమెను అందులో చేర్పించింది నేనే. అడవి నుంచి వచ్చిన పిల్లకు లోకం చూపిస్తున్నాననే గర్వం నాకు. ఆ ఎపిసోడ్ మీద గ్రూపులో పెద్ద గొడవ. చావును ఎగతాళి చేశారని కొందరు, కామెడీని కామెడీగా చూడమని కొందరు. నేను నాలుగు పేరాల రివ్యూ రాశాను, పెద్ద పెద్ద మాటలతో. ఇద్దరు మెచ్చుకున్నారు. సుజాత రెండే వాక్యాలు రాసింది: ‘నవ్వినంత మాత్రాన వాళ్లకు దుఃఖం లేనట్టు కాదు. మోసినవాళ్లకు తెలుస్తుంది.’ గ్రూపంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది.

అసూయేనా? అంతేనా? నేను నేర్పిన మనిషి నన్ను దాటిపోయిందన్న ఉక్రోషమా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు. ఇంత చిన్న కారణానికే ఆ పని చేశానని ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

నాకు దొంగపేరుతో ఇంకో అకౌంట్ ఉండేది. అందులోంచి ఆమె వాక్యాల కింద రాశాను: ‘అమ్మను మంచం మీద మోస్తూ పకపకా నవ్విన కుటుంబం వీళ్లది. ఈమె చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?’

నవ్వు బొమ్మలు వరుస కట్టాయి. ఎవరో ఆ కప్ప గుమాస్తా మంచం మోస్తున్నట్టు బొమ్మ చేసి పెట్టారు. గంట తర్వాత నా మాట తీసేశాను. అప్పటికే ఆమె చూసింది.

సాయంత్రం గదిలో నా పక్కన కూర్చుంది. ఏడవలేదు.

“నీకొక్కదానికే చెప్పిన. మరి గీళ్లకెట్ల తెలిసింది?”

“నాకేం తెలుసు.”

“నిన్ను అడగాలంటే నాకే సిగ్గైతుంది. ఏమనుకోకు.”

అక్కడ ఆగిపోయినా సరిపోయేది. నేను ఆగలేదు.

“మీ నాయన ఎవరితోనన్న అన్నడేమో. తాగినప్పుడు నోరు ఊకుంటదా?”

“నాయన చెప్పడు.”

“చెప్పడని నీకెట్ల తెలుసు?”

ఆమె ఫోన్ తీసుకుని బయటికి వెళ్లింది. వాళ్ల గూడెం భాషలో నాన్నతో మాట్లాడింది. నాకు ఆ భాష రాదు. అయినా, అవతల ఆయన ఒకే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడని తెలిసింది. ఈమె నమ్మడం లేదనీ తెలిసింది.

తర్వాత ఏడాది పైగా ఆమె ఊరికి సరిగా పోలేదు. ఊళ్లో ఎవరు చనిపోయినా పాడె పట్టడానికి నాన్న రావడం లేదని చుట్టాల ద్వారా విన్నది. అంతకు ముందు అందరికంటే ముందు భుజం ఇచ్చే మనిషట. అది కూడా నాకే చెప్పుకుంది.

ఒక చలికాలం ఆయన రక్తపరీక్షకు మా ల్యాబ్‌కు వచ్చాడు. సుజాత శాంపిళ్ల కోసం బయటికి వెళ్లింది. నేనే ఆయన చేతికి పట్టీ కట్టాను. ఆయన మెల్లగా అన్నాడు: “కల్లు తాగినప్పుడు అన్నట్టే ఉన్న బిడ్డా. యాదికి లేదు. నా బిడ్డ ఉత్తగ అనదు గద.”

అప్పుడే నిజం చెప్పి ఉండొచ్చు. గదిలో ఇద్దరమే ఉన్నాం. నోట్లోంచి వచ్చింది మాత్రం, “పిడికిలి బిగించు బాబాయ్.”

ఆ సాయంత్రం ఆయన మా గదికి వచ్చి బిడ్డ ముందు రెండు చేతులూ జోడించాడు. చేయని తప్పుకు. ఆమె ఆ చేతులు పట్టుకుని ఏడ్చింది, క్షమించింది. నేను స్టవ్ దగ్గర చాయ్ కలుపుతూ వాళ్లకు వీపు చేసి నిలబడ్డాను.

పోయిన వానాకాలంలో ఆయన చనిపోయాడు. ఇప్పుడు సుజాత భద్రాచలంలో పని చేస్తోంది. చివరి దాకా ఆ బాధే పడ్డాడని నాకు ఫోన్‌లో చెప్పింది. నేను ఓదార్చాను. ఓదార్చడం కూడా బాగా వచ్చింది నాకు.

ఎవరు మిగిలారు, ఇప్పుడు చెబితే ఎవరికి లాభం, ఉన్న ఒక్క స్నేహితురాలి మనసు మళ్లీ విరగ్గొట్టడం తప్ప? ఇలా ఎన్నో అడ్డం పెట్టుకున్నాను. అన్నీ నన్ను కాపాడుకోవడానికే. మిగిలింది ఆమె. తండ్రి తప్పును మన్నించాననుకుని ఆమె ఇవాళ మనశ్శాంతితో ఉంది. ఆ శాంతి కూడా నేను చెప్పిన అబద్ధం మీదే నిలబడి ఉంది.

క్షమించమని అడగను. ఆ మాట ఆయన నేను వింటుండగానే అడిగాడు. ఇక దాన్ని అడిగే హక్కు నాకు లేదు. ఈ కాగితం రేపు సుజాతకు పంపుతాను. చదివాక ఆమె ఏమంటుందో తెలియదు.

సుజాతా, మీ నాయన ఎవరికీ చెప్పలేదు.