అనసూర్య కుట్టుకున్న దోమతెర

గోదావరిఖని శివారులో, ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట పక్కనున్న వాడకు సారవ్వ ఆశా కార్యకర్త. భర్త యేసయ్య బొగ్గుబాయిలో పనిచేసేవాడు. సారవ్వది గట్టి గొంతు. చర్చిలో పాట ఎత్తుకున్నా, ఎవరినైనా మందలించినా చివరి ఇంటిదాకా వినబడేది.

మందు పట్టించిన దోమతెరలు మొదటిసారి వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి పంచింది ఆమే.

“దీనిమీద వాలితే దోమ సస్తది. మూడేండ్లు ఫికర్ లేదు. మాటిమాటికి ఉతకకుండ్రి, ఎండల ఆరెయ్యకుండ్రి,” అని చెప్పింది. పై అధికారులు తనకు చెప్పిన మాటలే అవి.

కానీ ఆ వాడలో వారం తిరిగేసరికి గుడ్డ మీద బొగ్గుదుమ్ము పేరుకుంటుంది. నల్లబడ్డ తెర కింద పిల్లల్ని పడుకోబెట్టడానికి తల్లులకు మనసొప్పలేదు. ఉతికారు.

రెండో వానాకాలంలో అదే వాడలో ఉండే అనసూర్య భర్త సదయ్యకు చలిజ్వరం వచ్చింది. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. మాత్రలివ్వడానికి వెళ్లిన సారవ్వకు మంచం మీది తెర కనబడింది. నిండా అతుకులే. ఒకచోట పాత చీర ముక్క, ఇంకోచోట లంగా అంచు. ఆమెకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం నల్లా దగ్గర ఆడవాళ్లంతా బిందెలతో నిలబడి ఉండగా అనేసింది.

“మందుతెర ఇస్తే బొంత చేసింది గీ అనసూర్య! ఉతికి, చింపి, మొగణ్ణి జరంల పడేసింది. గిసొంటోళ్లకు ఇచ్చుడే దండుగ.”

ఎవరో నవ్వారు. అనసూర్య సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

సదయ్య కోలుకున్నాడు. వానలు వెనుకబట్టాక, తెరలు ఎలా ఉన్నాయో చూడటానికి ఆరోగ్యశాఖ నుంచి ఒక మేడం వచ్చింది. సారవ్వ ముందు తన ఇంటికే తీసుకెళ్లింది. తన తెర ఏనాడూ ఉతికింది కాదు, మంచం మీదినుంచి తీసింది కాదు. మేడం దాన్ని వాకిట్లో వెలుతురుకు ఎత్తిపట్టింది. పరుపు కిందికి దోపే అంచు పొడవునా చిరుగులు. ఒక చిరుగులోంచి ఆమె పిడికిలి ఇవతలికి వచ్చింది.

“ఇనుపమంచానికి రాసుకుని చినిగింది. చూసుకోలేదా?”

“సూడలే మేడం,” అంది సారవ్వ. గొంతు తనకే వినబడలేదు.

వాడంతా తిరిగితే చినగని తెర లేదు. నులకమంచాల కోళ్లు, గోడ మేకులు, ఎలుకలు. చిల్లులన్నీ మూసి ఉన్నది అనసూర్య తెర ఒక్కటే.

“మరి మీ ఆయనకు జ్వరం ఎలా వచ్చింది?” రిజిస్టరు చూసి మేడం అనసూర్యను అడిగింది.

“వానలల్ల ఆయనది రాత్రి డ్యూటీ మేడం, ఓపెన్‌కాస్టుల నీళ్లు నిల్సిన గుంతల కాడ. తెర పిల్లలకే.”

పక్కనే నిలబడ్డ సారవ్వ వైపు అనసూర్య చూడలేదు. మాత్రలిచ్చిన నాడు ఆ ఒక్క ప్రశ్న తాను అడగలేదని సారవ్వకు అప్పుడు గుర్తొచ్చింది. తల ఎత్తలేకపోయింది.

మర్నాడు పొద్దున అనసూర్య ఇంటికి వెళ్లింది.

“తప్పయింది అనసూర్యా.”

అనసూర్య చేటలో బియ్యం ఏరుతూనే, “అన్నది నల్లా కాడ. చెప్పుడు ఇంట్లనా అక్కా?” అంది.

సారవ్వ నల్లా దగ్గరికి పోలేకపోయింది. నీళ్లకు యేసయ్యను పంపింది. చివరికి ఒకరోజు తనే వెళ్లింది. అందరూ ఉన్నారు. అనసూర్య ఉంది.

“నాడు నేనన్నది తప్పు. అనసూర్య తెర సక్కగుండె. నాదే చినిగుండె.”

“ఏమంటున్నవ్ సారవ్వా, ఇనబడ్తలేదు,” అని వెనకనుంచి ఎవరో అరిచారు. మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. అనసూర్య బిందె నింపుకుని పక్కకు జరిగింది.

తర్వాత కొత్త తెరలు వచ్చాయి. ఈసారి సారవ్వ మూడేళ్ల మాట ఎత్తలేదు. “ఎన్నాళ్లొస్తదో నాకెరుక లేదు. చినిగితే కుట్టుకోండ్రి,” అంది. అనసూర్య గడప ముందు మాత్రం తెర చేతిలో పెట్టి గబగబా నడిచిపోయింది.

ఆ ఏడే అనసూర్య కూతురికి ఒళ్లు వెచ్చబడింది. కబురొస్తే సారవ్వ పరుగున వెళ్లింది. పిల్ల వేలు పొడిచి రక్తం తీసి పరీక్షించింది. మలేరియా కాదు.

“చాయ్ తాగిపో అక్కా,” అంది అనసూర్య, మామూలుగానే.

“ఇంక రెండిండ్లకు పోవాలె,” అని సారవ్వ లేచింది. ఆమె వెళ్లాల్సిన ఇల్లు ఆ పూట ఇంకేదీ లేదు.