సీసం దిమ్మ

అతన్ని అందరూ వెన్నపూస అనేవారు. ఉక్కురేకును సుత్తితో సాగగొట్టి కవచాలు చేసే మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుకునేవారు. కానీ ఇరవై ఆరేళ్ళలో అతను కొట్టింది ఇనుమునే గాని మనిషిని కాదు. మైదానంలో మొద్దుకత్తులతో తలపడి పందేలాడే జట్లకు శిరస్త్రాణాలు, ఛాతీ కవచాలు అతని షెడ్డు నుంచే వెళ్ళేవి. భార్య తోలుపట్టీలు కుట్టేది. ఆమె తమ్ముడు రివిట్లు బిగించేవాడు.

"మా బావ రేకుని కూడా క్షమించమని అడిగే కొడతాడు," అని బావమరిది ఆటపట్టిస్తే వెన్నపూసే ముందు నవ్వేవాడు.

ఆ ఏడు ఇరవై ఛాతీ కవచాలు ఒక్కసారే కావాలని ఒక జట్టు వచ్చింది. రేకు లోతుగా దిగాలంటే దాని కింద మెత్తగా ఒదిగేది ఏదో ఉండాలి. ఇనుప దిమ్మైతే గాట్లు పడతాయి. అంతవరకూ వాడిన చెక్కమొద్దు నిలువునా పగిలింది. వెన్నపూస పాత నీళ్ళగొట్టాల సీసం తెచ్చి, బయట వాన పడుతోందని తలుపులు మూసుకుని, పొయ్యి మీద కరిగించి ఇనుప మూకుట్లో పోశాడు. ఆ దిమ్మ మీద పెట్టి కొడితే రేకు మైనంలో వేలు దిగినట్టు దిగింది. మురిసిపోయాడు. దిమ్మ గుంటలు పడినప్పుడల్లా మళ్ళీ కరిగించేవాడు. ఆ నల్లటి చేతులతోనే మధ్యాహ్నం తిండి కూడా.

నాలుగో నెలకు పేగులు మెలిపెట్టినట్టు కడుపునొప్పి మొదలైంది. నిద్ర కరువైంది. సుత్తి పట్టిన మణికట్టు వాలిపోయేది. ముక్కు మీద ఈగను వాలనిచ్చేవాడు కాదు. శిరస్త్రాణం చెవి దగ్గర నొక్కుతోందన్న పందెగాణ్ణి జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పిలిస్తే పలకలేదని భార్య ముఖం మీదికి ఇత్తడి చెంబు విసిరాడు. కనుబొమ చీలి చీర ముందు భాగమంతా రక్తమైంది. మర్నాడు ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. వారం తిరక్కుండానే చెంప పగలగొట్టాడు.

ఒక ఉదయం కవచం అంచు వంకరగా వచ్చింది. పరిస్థితి తేలికచేద్దామని బావమరిది పాత జోకే వేశాడు.

"ఏం బావా, ఈ రేకుని క్షమాపణ అడగడం మర్చిపోయావా?"

సుత్తి ఎప్పుడు లేచిందో వెన్నపూసకే తెలియలేదు. మొదటి దెబ్బకు బావమరిది భుజం ఎముక ఎండుకట్టెలా విరిగిన చప్పుడైంది. రెండోది మోచేతి మీద పడింది. కిందపడ్డవాణ్ణి కడుపులో తన్నాడు. మూడోసారి సుత్తి ఎత్తినప్పుడు భార్య తోలు కోసే కత్తి పట్టుకుని మధ్యలో నిలబడింది.

"దించండి. దించకపోతే పొడిచేస్తాను. నిజంగానే పొడుస్తాను!"

అతని చేతిలోంచి సుత్తి జారింది.

ఆసుపత్రిలో బావమరిదికి కట్టు కట్టిన డాక్టరమ్మ వెన్నపూస చిగుళ్ళ మీది నీలిగీత చూసి, చేసే పనేమిటని అడిగింది. రక్తం తీయించింది. ఒళ్ళంతా సీసమేనని తేలింది.

"పొగలోంచి, చేతుల్లోంచి లోపలికి పోయింది. మెదడు మీదా పనిచేస్తుంది. కోపం మనిషి చేతిలో ఉండదు," అందామె.

వెన్నపూస భార్యవైపు ఆశగా చూశాడు. ఆమె కనుబొమ మీది కుట్లు తడుముకుంది.

"సీసం కోపం తెప్పించిందేమో. చెయ్యి మాత్రం మీదే," అంది.

మందులు రెండు నెలలు నడిచాయి. అన్నాళ్ళూ ఆమె పుట్టింట్లోనే ఉండి, తర్వాత తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. దిమ్మను డబ్బాలో మూసి పాత బ్యాటరీలు కరిగించే కర్మాగారానికి పంపించారు. సీసం దుమ్ము లేస్తుందని షెడ్డును చీపురు తగలనివ్వకుండా తడిగుడ్డలతో తుడిచారు. ఇక కావలసింది మెత్తగా ఉండి ప్రాణం తీయని లోహం. తగరమైతే మంచిదని డాక్టరమ్మా, పాత పనివాళ్ళూ చెప్పారు.

పాతసామాన్ల వ్యాపారి ఒక దిమ్మ తెచ్చి, "అచ్చమైన తగరం," అన్నాడు. భార్య దాన్ని తెల్లకాగితం మీద గీసింది. నల్లటి చార పడింది.

"ఇందులో సీసం ఉంది. తీసుకెళ్ళు."

"ఆడదానివి, నీకేం తెలుసు లోహాల సంగతి?" అంటూ వ్యాపారి ఆమె మణికట్టు పట్టి వెనక్కి తోశాడు. వెన్నపూస ఒక్క ఉదుటున వాడి గొంతు పట్టుకుని గోడకు అదిమాడు. వాడు కళ్ళు తేలేశాడు. అంతలో మూలనుంచి చిన్న శబ్దం వినబడింది. కట్టుతో ఉన్న బావమరిది మంచి చేతిని ముఖానికి అడ్డంపెట్టుకుని గోడకు కరుచుకుపోతున్నాడు.

వెన్నపూస వేళ్ళు సడలాయి. వ్యాపారి దగ్గుతూ, తిడుతూ పారిపోయాడు.

"నిన్ను కాదురా," అన్నాడు వెన్నపూస.

చివరికి గిన్నెలకు కళాయి వేసే ముసలాయన దగ్గర తగరం కడ్డీలు దొరికాయి. ఆయన ఒకదాన్ని వెన్నపూస భార్య చెవి దగ్గర వంచి చూపించాడు. కీచుమంది.

"అలా ఏడ్చేదే అసలైనదమ్మా. సీసం కలిస్తే నోరు మూసుకుంటుంది."

ఆ కడ్డీలూ కాగితం మీద గీసి చూశాకే తీసుకున్నారు. ఆరుబయట కరిగించి పోశారు. సీసం కంటే కాస్త గట్టిది, రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి. అయినా మిగిలిన కవచాలన్నీ దాని మీదే దిగాయి.

బావమరిది చెయ్యి భుజం దాటి లేవదు. మళ్ళీ పనిలోకి వచ్చాడు గాని, వెన్నపూస సుత్తి ఎత్తినప్పుడల్లా తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. వెన్నపూస ఆ అడుగు పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే కొడతాడు.