గొంగడి బయట ఒక్క చెయ్యి

1946 ఎండాకాలంలో నన్ను మేడ్చల్ దవాఖానాలో టీకాలు వేసే ఉద్యోగిగా నియమించారు. శామీర్‌పేట వైపు ఊళ్లన్నీ నా కిందికి వచ్చాయి. మా ఇల్లు కూడా శామీర్‌పేటలోనే. మశూచి అల్వాల్ దాకా వచ్చిందన్న కబురు రాగానే నా పైఅధికారి, టీకాల దరోగా, మొదట మా ఊరికే వెళ్దామన్నాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. టీకా అంటేనే జనం భయపడి పొలాల్లోకి పారిపోయేవారు. అందుకని టీకా వేసేవాడు ముందు తన ఇంటివాళ్లకు, చావడిలో, ఊరంతా చూస్తుండగా వేసి చూపాలి. నాకూ అమ్మకూ ఎప్పుడో వేశారు. మిగిలింది మా అక్క రాజవ్వ. చిన్నప్పుడు టీకా వేయబోయినవాడి చెయ్యి కొరికి తప్పించుకుంది.

అక్క తనంతట తాను మాట్లాడేది తక్కువ. పొద్దంతా చింతగింజలు వరుసగా పేర్చేది. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క గింజా అందించాలి. నా చిన్ననాటి ఆటల్లో సగం అదే. వరుస చెరిగితే ఇల్లు దద్దరిల్లేలా అరిచేది. చెప్పకుండా ఒంటిమీద చెయ్యి వేస్తే నిప్పు తగిలినట్టు ఎగిరిపడేది. నల్ల గొంగడి ఒళ్లంతా బిగించి చుట్టుకుంటే మాత్రం ఎంతసేపైనా నిమ్మళంగా ఉండేది. దీన్ని ఆటిజం అంటారట, రిటైరయ్యాక ఒక పిల్లల డాక్టరు చెబితే తెలిసింది. అప్పుడు మా ఊరికి తెలిసిన పేరు ఒక్కటే, పిచ్చిది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ఆమెకు మశూచి సోకితే ఎవరినీ ముట్టుకోనివ్వదు, నీళ్లు కూడా తాగించనివ్వదు. బతకదని అమ్మకూ నాకూ తెలుసు. టీకా వేయాల్సిందే. ఇంట్లో, నాకు తెలిసిన తీరులో వేస్తానని దరోగాతో చెప్పాను.

"నీ అక్కకే ఎయ్యలేనోనివి ఊరికేం ఏస్తవ్? ఇజ్జత్ పోతది. చావడికి తీస్కరా" అన్నాడు.

నేను కదలకపోయేసరికి నలుగురు మగాళ్లను పంపించి ఆమెను ఈడ్చుకు రప్పించాడు. అడ్డం వెళ్తే నన్ను పక్కకు నెట్టేశారు. వయసొచ్చిన ఆడపిల్లను నలుగురూ కలిసి నేలకు అదిమి పట్టుకున్నారు. ఛీ, వాళ్లూ మనుషులేనా! మందుచుక్క భుజం మీద వేసి, దాని మీదుగా చిన్న టీకా కత్తితో చర్మం గీకి, ఆరేదాకా చెయ్యి కదలకుండా ఉంచాలి. టీకా అంటే అంతే. దరోగా కత్తి ఆనించగానే అక్క అరిచిన అరుపుకు పట్టుకున్నవాళ్లే వదిలేశారు. ఆమె మందంతా కొంగుతో తుడిచేసుకుని, చావడి గుంజకు తల బాదుకోసాగింది.

ముందు వరుసలో కూర్చున్న ముసలాయన లేచి చేతులు జోడించాడు. "పిల్ల మీదికి అమ్మవారొచ్చిందిరా! టీకాలకు అమ్మకు కోపమొచ్చింది!" అన్నాడు. అంతే, చావడి ఖాళీ.

మర్నాడు పొద్దున్నే పసుపూ కుంకుమా కొబ్బరికాయలతో జనం మా వాకిట్లో నిండిపోయారు. మొన్నటిదాకా ఆమె మీద రాళ్లు విసిరినవాళ్లే కాళ్లు మొక్కుతామని తోసుకొస్తున్నారు. నిన్న దరోగా చేసిందేమిటి, ఇవాళ వీళ్లు చేస్తున్నదేమిటి? ముట్టుకోవద్దంటే ఒక్కడికీ అర్థం కాదే! అక్క మూలకు నక్కి చెవులు మూసుకుంది. నేను రోకలి తీసుకుని గడపలో నిలబడ్డాను.

"ఎవరన్న లోపలికొస్తే కాళ్లిరగ్గొడ్త. ఆమె అమ్మవారు గాదు, మా అక్క!"

పక్కింటి చాంద్‌బీ మేకల్ని వదిలేసి వచ్చింది. అక్కను పుట్టినప్పటినుంచీ చూసిన మనిషి. "పోండ్రి, జల్దీ పోండ్రి! పోరి పరేషాన్ అయితాంది, కండ్లు లేవా మీకు?" అని కర్రతో అందరినీ అదిలించింది. తరవాత నాతో, "నీకెట్ల తెల్సో అట్లనే ఎయ్యి బిడ్డా. నేన్ గూడ ఉంట" అంది.

అక్క నెమ్మదించేదాకా ఆగాం. గొంగడి ముందు పెడితే తనే చుట్టుకుంది. చాంద్‌బీ ఎదురుగా కూర్చుని చింతగింజలు పేర్చసాగింది. నేను కత్తి మొద్దువైపుతో నా భుజం మీద గీకి చూపించి, పక్కన కూర్చున్నాను. ఆమెను పట్టుకోలేదు, తొందరపెట్టలేదు. చాలాసేపటికి గొంగడిలోంచి ఒక్క చెయ్యి బయటికి వచ్చింది. టీకా వేస్తుంటే ఉలిక్కిపడింది కానీ చెయ్యి తీయలేదు. మందు ఆరేదాకా గింజల వరుస మీదినుంచి చూపు తిప్పలేదు.

ఆ సాయంత్రమే చాంద్‌బీ తన మనవలకు టీకాలు వేయించింది. అక్క ఏ ఉపద్రవమూ లేకుండా తిరుగుతుండడం చూసి మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు.

వారం దాటాక టీకా పట్టిందో లేదో తనిఖీ చేయడానికి దరోగా వచ్చాడు. అక్క భుజం మీది పొక్కును దూరం నుంచే చూపించాను.

"ఎంతమంది పట్టుకున్నరు?" అని అడిగాడు.

"ఎవ్వరూ పట్టుకోలే" అన్నాను.

నమ్మలేదు. పక్క ఊరికి ఆ నలుగురినే వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఆ తరవాత ఏ ఇంటికి వెళ్లినా, కత్తి తీసేముందు, ఈ పిల్లకు ఏది పడదని ఇంటివాళ్లను అడిగేవాణ్ణి. టీకా వేయడానికి మనిషిని నేలకు అదిమి పట్టాల్సి వస్తోందంటే, ఆ వేసేవాడికి పని రాదన్నమాట.