పుండు కొలిచే దారం

ఆస్పత్రిలో కట్లు కట్టే ఆయన్ని అందరూ దారం మామయ్య అంటారు. పుండును ఆయన స్కేలుతో కొలవడు. ఉడికించి ఆరబెట్టిన తెల్లదారాన్ని పుండు పక్కన పట్టి, ఆ పొడవుకు కత్తిరించి, రోగి పేరున్న సీసాలో వేస్తాడు. మర్నాడు పుండు దగ్గరపడితే మిగిలిన కొస కత్తిరించి, "ఇదిగో, నీ ఒళ్లు ఇంతమేర నేసుకుంది," అని రోగి చేతిలో పెడతాడు. ఆ కొసల్ని మందుకంటే భద్రంగా దాచుకునేవాళ్లున్నారు. మనిషి తోలు నెలకోసారి కొత్తదవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. వయసు మళ్లేకొద్దీ ఆ నెల సాగుతూ పోతుందని ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు. కానీ తెలిసినదంతా తన ఒంటికీ వర్తిస్తుందని ఎవరనుకుంటారు?

మూడు వారాల కిందట మంచం కోడు తగిలి ఆయన చీలమండ పైన తోలు లేచిపోయింది. తనకూ ఒక దారం కొలుచుకున్నాడు. రోజూ చేతి అలవాటుకొద్దీ, పుండుకేసి చూడకుండానే కొస కత్తిరించేశాడు. ఇవాళ వార్డులో కూర్చుని ఆనించి చూస్తే దారం పుండులో సగానికే వచ్చింది. కత్తిరించిన కొసలన్నీ వెతికి ఆ దారం పక్కన వరసగా పేర్చాడు. అయినా అవతలి అంచుకు అందలేదు; పుండు మొదటికంటే పెద్దదైంది. నొప్పి మాత్రం లేదు.

ఎదుటి మంచం మీది ముసలమ్మ తల ఎత్తింది. "ఏం నాయనా, నీది కూడా నేసుకుంటోందా?"

"ఆ, నేసుకుంటోందమ్మా."

"మరి కొస చూపించవేం? మాకైతే రోజూ చూపిస్తావుగా."

ఆయన దారం రీలు తీశాడు. ఈసారి తెంపకుండానే కొసను పుండు అంచున ఆనించి, అవతలి అంచుకేసి లాగాడు. రీలు ఆయన చేతిలో మెల్లగా తిరుగుతూనే ఉంది.